ఎర్ర ముల్లు మాట

నా పేరు హెక్టర్ గిల్లీస్. వయసు అరవై ఎనిమిది. కెయిర్న్‌గార్మ్ కొండల కింద మా ఊళ్ళో కొండ సామాన్ల కొట్టు ఒక్కటే ఉంది. దాని యజమాని మర్డో. పదకొండేళ్ళుగా నేను ఆ కొట్లో కౌంటరు వెనక నిలబడుతున్నాను. అంతకుముందు ముప్పై ఏళ్ళు చలికాలంలో జనాన్ని కొండెక్కించి దింపడమే నా పని. ఎక్కించినవాళ్ళందరినీ దింపాను. ఈ ముక్క ముందే ఎందుకు చెబుతున్నానంటే, పోను పోను మీకు నా మీద అనుమానం వస్తుంది. నాకే వచ్చింది.

కొట్లో నా నోటికి తాళం లేదని మర్డో సణుగుతాడు. చలికాలపు కొండకి సామాను అమ్మడమంటే ఉల్లిపాయలు అమ్మడం కాదు కదా. కొన్నవాడు సాయంత్రం ఇంటికి రావాలి. అందుకే వచ్చినవాళ్ళందరికీ నా పాఠం అప్పజెబుతాను. నూలు బట్ట ఒంటికి తగలనీయకు. చెమట పట్టేంత వేగంగా నడవకు. గ్లౌజులు రెండు జతలుండాలి. ఫోనూ కంపాసూ ఒకే జేబులో పెట్టకు. అన్నిటికంటే పెద్ద పాఠం చివర్లో చెబుతాను: పైన ఏమీ కనిపించనప్పుడు నీ బుర్రని నమ్మకు, ఎర్ర ముల్లుని నమ్ము. బుర్ర భయపడుతుంది, కంపాస్ ముల్లు భయపడదు.

జనవరి రెండో వారంలో లండన్ నుంచి ఒక మనిషి వచ్చాడు. గోడకి వేలాడుతున్న క్రాంపాన్లలో అన్నిటికంటే పొడుగు పళ్ళున్నవాటిని చూపించాడు. బూటు కింద బిగించుకునే ఇనుప ముళ్ళ చట్రాలవి.

"అవి ఇవ్వండి."

"ముందు మీ బూటు చూపించండి."

ఇచ్చాడు. రెండు చేతులతో పట్టుకుని వంచాను. రొట్టెలా మడతపడింది.

"దీనికా అవి? బూటు వంగుతుంది, ఇనుము వంగదు. సగం దారిలో ఊడి మీకంటే ముందే కిందకెళ్ళిపోతాయి."

"వీడియోలో ఇవే మంచివన్నారండీ."

"ఆ వీడియో ఆయన మిమ్మల్ని దింపడానికొస్తాడా?"

మర్డో వెనక నుంచి దగ్గాడు. నేను పట్టించుకోలేదు. గట్టి అడుగున్న బూట్లు వెతికి, వాటికి సరిపోయే క్రాంపాన్లు బిగించి, బూటు పట్టుకుని ఊపి చూపించి, ఆయన్ని సంతోషంగా పంపించాను. మర్నాడు పొద్దున ఆయన కొండ కింద కార్ పార్కులో పెట్టె విప్పితే రెండూ ఎడమకాలి బూట్లే.

మర్డోకి అది వారం రోజుల నవ్వు. నవ్వుకుని ఊరుకోకుండా మా అమ్మాయి ఊనాకి ఫోన్లో చెప్పాడు. ఊనా ఇన్వర్‌నెస్‌లో నర్సు. ముసలివాళ్ళ వార్డులో పని చేస్తుంది. దారి తప్పిన తలకాయలు దానికి రోజూ కనిపిస్తూనే ఉంటాయి. అందుకని అది నవ్వలేదు. శనివారం కారేసుకుని వచ్చేసింది.

"బూట్లొక్కటేనా?" అని అడిగింది.

ఒక్కటే అని చెప్పబోయాను. కానీ అబద్ధం నాకు చేతకాదు. తడి గ్లౌజులు ఆరడానికి ఓవెన్‌లో పెట్టి మర్చిపోయాను. ఊనాని రెండుసార్లు పోయిన మా అక్క పేరుతో పిలిచాను. ఈ మధ్య ఒక రోజు ఇంట్లో మెట్ల మధ్యలో నిలబడిపోయాను, ఎక్కుతున్నానో దిగుతున్నానో తెలియక. అది మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడే మీకు చెబుతున్నాను.

"నాన్నా, ఇంక ఒక్కడివే కొండకి వెళ్ళకు," అంది.

నాకు కోపమొచ్చింది. ఎందుకో చెప్పాలి. ఇంట్లో నా బుర్ర ఈ మధ్య నాకు తెలియని ఇల్లులా ఉంటోంది, ఏ గదిలో ఏముందో తెలియదు. కొండ మీద ఒక్కడినే ఉన్నప్పుడు అలా ఉండదు. అక్కడ అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. పిలవడానికి ఎవరూ ఉండరు కాబట్టి తప్పు పేరుతో పిలిచే బాధ కూడా ఉండదు. ఉన్నది ఆ ఒక్క చోటు. దాన్నీ తీసేసుకుంటానంటే కోపం రాదా?

"నీకు కొండ నేర్పింది ఎవరే?" అన్నాను.

"నువ్వే. అందుకే చెప్తున్నా."

"బూట్లు తారుమారైతే మనిషి తారుమారైనట్టేనా?"

"అరవకు. నేను వార్డులో రోజూ వినే అరుపే ఇది."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం మా ఇంట్లో నేనొక్కడినే కాదు. చివరికి అదే ఒక మాట అంది.

"సరే. రేపు బోడక్ ఎక్కుదాం. సామాన్లు నువ్వే సర్దు, దారి నువ్వే చూపించు. ఎక్కినప్పటినుంచి దిగేదాకా ఒక్క తప్పు చెయ్యకపోతే, నీ ఇష్టమొచ్చినట్టు ఒక్కడివే తిరుగు. నేను నోరెత్తను. చేస్తే మాత్రం ఒంటరి తిరుగుళ్ళు రేపటితో సరి."

"తప్పో కాదో ఎవరు తేలుస్తారు? నువ్వా?"

"నువ్వే తేల్చు నాన్నా. నువ్వు అబద్ధమాడవు కదా."

బోడక్ అంటే మా పాత భాషలో ముసలాడు అని. పడమటి వైపు వెడల్పాటి భుజం మీదుగా మెల్లగా ఎక్కచ్చు. పైన బల్లపరుపు. తూర్పున ఆ బల్ల ఒక్కసారిగా తెగిపోయి రెండువందల మీటర్ల లోతుకి పడిపోతుంది. చలికాలమంతా నైరుతి గాలి మంచుని అటు తోసి తోసి, ఆ అంచు మీద ఇంటి చూరులా ముందుకు పెంచుతుంది. చూరు మీద నిలబడితే నేల మీద ఉన్నట్టే ఉంటుంది. కింద ఏమీ ఉండదు.

ఆ సాయంత్రం వంటింటి బల్ల మీద సామానంతా పరిచాను. తప్పు చేయకూడదని ప్రతిదాన్నీ రెండుసార్లు చేత్తో ముట్టుకున్నాను. ఊలు బనియన్లు, గాలి దూరని కోట్లు, నాలుగు జతల గ్లౌజులు, కళ్ళద్దాలు, తల దీపాలు, వాటికి వేరే బ్యాటరీలు, అవసరమైతే ఇద్దరం దూరి కూర్చునే నారింజ రంగు సంచి. క్రాంపాన్లు బూట్లకి బిగించి ఊపి చూశాను. బూట్లలో ఒకటి ఎడమది, ఒకటి కుడిది. అది కూడా ఊనాకి ఎత్తి చూపించాను. దానికి నవ్వొచ్చింది కానీ ఆపుకుంది. మంచు గొడ్డళ్ళు రెండూ నేలకి ఆనించి పొడవు సరిచూశాను. రేకు డబ్బాలో పైపైనున్న ఓట్స్ బిళ్ళలు, జున్ను ముక్క పొట్లం కట్టాను. చివరగా కంపాస్ తీసుకుందామని తలుపు వెనక మేకు దగ్గరికి వెళ్ళాను.

లేదు.

ఇరవై ఆరేళ్ళుగా ఇంట్లోకి రాగానే మెడలోంచి తీసి ఆ మేకుకే తగిలిస్తాను, పచ్చ బూటులేసు కట్టిన ఆ కంపాస్‌ని. కోట్లు తీసి చూశాను. మేకు కింద నేల మీద చూశాను. సొరుగులు, జేబులు, కారు, మళ్ళీ మేకు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుందేమోనని నా మెడ కూడా తడుముకున్నాను. మేకు దగ్గరికి మొత్తం మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ లెక్కపెట్టుకున్నాను.

మర్డోకి ఫోన్ చేశాను.

"నా కంపాస్ తీసుకున్నావా?"

"నీ కంపాస్ నాకెందుకయ్యా? కొట్టు నిండా కొత్తవే ఉంటే."

"మొన్న మా ఇంటికొచ్చావు కదా. నువ్వే తీసుంటావు. ఎడమ బూట్ల మీద నీ నవ్వు ఇంకా తీరలేదు."

"హెక్టర్, పడుకో," అని పెట్టేశాడు. వాడే తీశాడని నాకు గట్టిగా అనిపించింది. ఇంకో నాలుగు మాటలు పెట్టేసిన ఫోన్లోనే అన్నాను.

ఊనా అంతా చూస్తూనే ఉంది. "పోన్లే నాన్నా, ఇది ఇంట్లో జరిగింది. మన లెక్క కొండ మీద కదా. నా దగ్గర ఒకటుంది."

"ఎప్పుడూ రెండు ఉండాలి."

"కొట్టు తీసేదాకా ఆగితే చీకటి పడేలోగా దిగలేం. వాతావరణం రేపు మధ్యాహ్నం దాకా బాగానే ఉంటుందన్నారు. ఒకటి చాలు."

చాలదని నాకు తెలుసు. కానీ పోగొట్టుకున్నవాడికి మాట్లాడే మొహమెక్కడిది? పొద్దున ఆరున్నరకి జావ తాగి బయల్దేరుతుంటే, ఊనా ఫోన్ చూసుకుని, కవరు మూసి, కోటు గుండె జేబులో పడేసింది. టక్ అని చిన్న చప్పుడయింది. నేను బూటు లేసు కడుతున్నాను. విన్నాను. ఏమీ అనుకోలేదు.

ఎక్కడం హాయిగా ఎక్కాం. ఆకాశం శుభ్రంగా ఉంది. కంపాస్ తియ్యాల్సిన పనే పడలేదు, ముసలాడి భుజం కళ్ళముందే ఉంది. మంచు గట్టిపడ్డ చోట క్రాంపాన్లు ఎక్కడ వేసుకోవాలో, కోటు ఎప్పుడు విప్పాలో, అన్నీ నేనే చెప్పాను. ఒక్క తప్పు లేదు. వారం రోజులుగా వీస్తున్న నైరుతి గాలి వెనక కుడివైపు నుంచి సన్నగా తోస్తోంది. ఊనా మధ్యమధ్య ఆగి ఫోన్‌తో ఫోటోలు తీసింది. శిఖరం మీది రాళ్ళ గుట్ట దగ్గరికి వచ్చేసరికి ఆ ఫోన్ చలికి చచ్చిపోయింది.

"చూశావా," అన్నాను. "గొడ్డలికి బ్యాటరీ ఉండదు."

"సరే లే, గెలుస్తున్నావులే," అంది ఊనా.

గుట్ట చాటున టీ తాగుతుండగా మబ్బు వచ్చేసింది. మధ్యాహ్నం అన్నది పదకొండుకే వచ్చింది. రావడం కూడా మామూలుగా కాదు, పాలగిన్నెలో మమ్మల్ని ముంచినట్టు. పైన తెలుపు, కింద తెలుపు. అడుగు వేస్తే పాదం నేల మీద పడిందో గాలిలో ఉందో తెలియదు. దీన్ని మేం తెల్లచీకటి అంటాం. చీకట్లో అయితే దీపం వేసుకోవచ్చు, ఇందులో దీపం కూడా తెల్లబోతుంది.

"పడమరకి ఆరువందల మీటర్లు, భుజం తగులుతుంది," అన్నాను. "ముందు నేను నడుస్తాను. నువ్వు వెనక కంపాస్ పట్టుకో. నేను పక్కకి పోతే చెప్పు."

మా పద్ధతి అది. ముందువాడు గుర్తు, వెనకవాడు చూపు. ఊనా కంపాస్ చక్రం మీద పడమర పెట్టి, ఎర్ర ముల్లుని దాని గూట్లో, అంటే ఉత్తరం గుర్తు మీద, కూర్చోబెట్టి, "పద," అంది. నేను అడుగులు లెక్కపెట్టుకుంటూ కదిలాను. మంచులో డెబ్బై జతల అడుగులు నాకు వంద మీటర్లు.

"కుడి," అంది వెనక నుంచి. జరిగాను. "కొంచెం ఎడమ. అదీ. పో."

వంద మీటర్లయింది. రెండువందలయింది. అక్కడ నా కాళ్ళు ఆగిపోయాయి. నేను ఆపలేదు, అవే ఆగాయి.

"ఏమైంది నాన్నా?"

"గాలి తప్పుచోట ఉంది."

"గాలి తప్పుచోట ఉండటమేంటి?"

"పడమరకి నడుస్తుంటే నైరుతి గాలి ఎడమ చెంప మీద కొట్టాలి. ఇది కుడిభుజం వెనక నుంచి తోస్తోంది. పొద్దున ఎక్కేటప్పటిలాగే."

ఊనా దగ్గరికొచ్చింది. దాని కనురెప్పల మీద మంచు పట్టింది. "పైన గాలి సుడి తిరుగుతుందని నువ్వేగా నేర్పావు."

నేర్పాను.

"నేల వాలాలి. వాలట్లేదు."

"తెల్లచీకట్లో వాలు తెలీదని కూడా నువ్వే చెప్పావు."

చెప్పాను. ముప్పై ఏళ్ళు చెప్పాను.

"కంపాస్ ఇలా చూపించు."

చూపించింది. ముల్లు కొంచెం కూడా వణకట్లేదు. ఎర్ర కొస బుద్ధిగా గూట్లో కూర్చుంది. పెట్టిన అంకె సరిగ్గా ఉంది. తప్పు పట్టడానికి ఏమీ లేదు.

"నీ బుర్రని నమ్మకు, ఎర్ర ముల్లుని నమ్ము," అంది ఊనా. "ఎవరి మాట అది?"

"నాదే."

"మరి?"

మరి ఏం చెప్పను? ముల్లు తప్పంటే నా బుర్ర పోయినట్టు. ముల్లు ఒప్పంటే, గాలి ఎక్కడుందో నాకు తెలియనట్టు, అంటే కూడా బుర్ర పోయినట్టే. ఎటు తిరిగినా పందెం నాది కాదు. అంతకంటే ఘోరం ఇంకొకటుంది. నిజంగానే పోయిందేమో. మెట్ల మధ్యలో నిలబడ్డ రోజు కూడా నాకు ఇలాగే ఉంది, కాళ్ళు ఒకటి చెబుతుంటే తల ఇంకొకటి చెప్పింది. ఆ మెట్లు ఇప్పుడు కొండ మీదకి కూడా వచ్చేశాయా? నాకు భయమేసింది. మంచుకీ గాలికీ నేనెప్పుడూ అలా భయపడలేదు.

ఊనా గొంతు మారింది. మెత్తగా, నెమ్మదిగా అయింది. ఆ గొంతు నేనెరుగుదును. వార్డులో వాడే గొంతు.

"నాన్నా, ఇవాళ ఏ వారం?"

"ఆదివారం. నోర్మూసుకుని వెనక్కెళ్ళి నిలబడు."

అది వెనక్కి వెళ్ళింది. నేను ముందుకి తిరిగాను. నిజం చెబుతున్నాను, ముల్లు మాటే విన్నాను. ముప్పై ఏళ్ళు ఊరందరికీ చెప్పిన మాటని నా దాకా వచ్చేసరికి కాదంటే ఇంక నేనెవరిని? మళ్ళీ నడిచాను. ఇరవై జతలు. నలభై. గాలి నా కుడిభుజాన్ని వెనక నుంచి తోస్తూనే ఉంది, పో పో అన్నట్టు.

నలభై ఆరో జతకి మోకాలికి ఒక బండ తగిలింది. తిట్టుకుంటూ చేత్తో తడిమాను. బండకి ఒకవైపు గాలిమంచు పట్టి ఉంది, కోడి ఈకల్లా పొరలు పొరలుగా, జానెడు పొడవు. అక్కడే కూర్చుండిపోయాను.

"ఊనా, ఇలా రా. చెయ్యి పెట్టు. ఈకలు ఎటు చూస్తున్నాయి?"

"ఇటు. మనం వచ్చిన వైపు, కొంచెం కుడికి."

"గాలిమంచు ఎటు పెరుగుతుంది?"

చిన్నప్పుడు నేను అడిగితే చెప్పినట్టే చెప్పింది. "గాలికి ఎదురు. గాలి ఎటునుంచి వస్తే అటు."

"ఈ వారమంతా గాలి ఎటునుంచి?"

"నైరుతి. రోజూ రేడియోలో విన్నాను."

"ఇంత పొడుగు ఒక్క గంటలో పెరగదు. సుడిగాలికి పెరగదు. ఇప్పుడు నీ ముల్లునడుగు, ఈ ఈకలు ఎటు చూస్తున్నాయో."

కంపాస్ బండ మీద పెట్టింది. ఒకసారి చూసింది. దులిపి మళ్ళీ చూసింది. "ఈశాన్యం అంటోంది," అంది మెల్లగా.

"అయితే నాకు పిచ్చి, లేదా దానికి."

ఊనా కళ్ళు నా మొహం మీంచి కంపాస్ మీదకి, కంపాస్ మీంచి బండ మీదకి తిరిగాయి. నర్సు ఒకవైపు లాగుతోంది, కూతురు ఒకవైపు లాగుతోంది. "నాకేం అర్థం కావట్లేదు నాన్నా," అంది చివరికి. "కంపాస్ ఎలా తప్పుతుంది? అది తప్పదు కదా."

"మంచు ఉండలు చెయ్యి," అన్నాను.

ఇద్దరం నాలుగు ఉండలు చేశాం. తెల్లచీకట్లో ముందు నేల ఉందో లేదో చూడటానికి పాతకాలపు ఉపాయం ఇది. ఉండ పడితే బూడిదరంగు మచ్చలా కనిపిస్తుంది. "మనం వెళ్తున్న వైపు విసురు," అన్నాను.

మొదటిది నాలుగడుగుల దూరంలో పడింది. మచ్చ కనిపించింది. రెండోది ఎనిమిది అడుగుల్లో పడింది, అదీ కనిపించింది. మూడోది ఊనా కాస్త బలంగా విసిరింది.

అది పడలేదు.

చూస్తూ ఉన్నాం. ఎక్కడా మచ్చ లేదు. నాలుగోది నేను విసిరాను. అదీ పడలేదు. తెలుపులోకి వెళ్ళింది, అంతే. ఊనా నా మణికట్టు పట్టుకుంది. గ్లౌజు మీద నుంచి కూడా ఆ పట్టుకి నొప్పి పుట్టింది. ఇంకో డజను అడుగులు దాని మాట విని నడిచి ఉంటే, నేను చూరు మీద ఉండేవాడిని. నడిపించింది నా కూతురు, నా పాఠంతోనే.

"మోకాళ్ళ మీద వెనక్కి," అన్నాను. ఇద్దరం పాకాం. కాస్త దూరం వచ్చాక లేచి నిలబడ్డాం.

"ఇప్పుడు ఎర్ర కొస కాదు, తెల్ల కొసని గూట్లో పెట్టు. నేను చెంపతో సరిచూస్తాను."

"నీ చెంపనా, ముల్లునా? దేన్ని నమ్మమంటావు?"

"ఇవాళ్టికి రెండూ ఒకటే చెప్తాయి. చెప్పకపోతే సంచిలో దూరి కూర్చుందాం."

రెండూ ఒకటే చెప్పాయి. గాలి ఎడమ చెంప మీద కొట్టింది. ఆ దెబ్బ అంత తియ్యగా ఎప్పుడూ లేదు. గుట్ట దాటి ఇంకో ఆరువందల మీటర్లు వచ్చేసరికి నేల కాళ్ళ కింద వాలింది. భుజం తగిలింది. ఇంకాస్త దిగాక మబ్బు చిరిగి కింద అడవి నల్లగా కనిపించింది.

ఒక బండ చాటున ఆగి ఓట్స్ బిళ్ళలు తిన్నాం. ఊనా కంపాస్‌ని గుండె జేబులో పెట్టబోయింది. జేబులో ఫోన్ ఉంది. టక్.

ఇద్దరం ఆ చప్పుడు విన్నాం. ఊనా ఫోన్ బయటికి తీసింది. కవరు మూత దానంతటదే అతుక్కుంటుంది, అందులో చిన్న అయస్కాంతం ఉంది. వారం రోజులుగా కంపాస్ ఆ మూతని ఆనుకునే ఆ జేబులో ఉంది. అలా ఉంటే ముల్లు తల తిరగబడి, ఉత్తరం చూడాల్సిన ఎర్ర కొస దక్షిణం చూస్తుంది. నేను రోజూ కౌంటర్ మీద చెబుతూనే ఉంటాను. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, మా ఇంట్లోనే జరిగింది.

"నేను నిన్ను చంపేసేదాన్ని," అంది ఊనా. "గాలి తప్పుచోట ఉందని నువ్వు చెప్పావు. ఏ వారమని అడిగాను నిన్ను."

"సరిగ్గానే చెప్పానుగా."

"నవ్వించకు. నువ్వు గెలిచావు నాన్నా. కొండ మీద నీ బుర్ర నాకంటే బాగుంది. నీ ఇష్టం వచ్చినప్పుడు ఒక్కడివే వెళ్ళు. నేను మాటన్నాను కదా, అడగను."

కారులో దారంతా నేను ఊరుకుంటేనా. గాలిమంచు గురించి, మర్డోకి నేను చెప్పబోయే మాటల గురించి, ఆ దొంగవెధవ నా కంపాస్ తియ్యకపోయుంటే ఇదంతా జరిగేదే కాదని వాగుతూనే ఉన్నాను. ఊనా అన్నిటికీ ఊ కొట్టింది. నా ఒళ్ళంతా తేలిగ్గా ఉంది. నా చోటు నాకుంది. మెట్లు మెట్ల దగ్గరే ఉన్నాయి, కొండ మీదకి రాలేదు.

ఇంటికి వచ్చేసరికి నాలుగయింది. పొద్దు కుంకింది. నేను పొయ్యి ముందు కూర్చుని తడి లేసులు విప్పుతున్నాను. ఊనా టీ పెట్టింది. ఓట్స్ బిళ్ళల రేకు డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత చాలాసేపు వంటింట్లోంచి ఏ చప్పుడూ రాలేదు.

ఊనా బయటికి వచ్చింది. తలుపు వెనక కోట్లు కదిలించింది.

"నాన్నా, నీ కంపాస్ ఇదిగో. మేకుకే ఉంది. నీ పాత కోటు వెనక ఉండిపోయి కనిపించలేదు."

పచ్చ లేసు పట్టుకుని నా చేతిలో పెట్టింది. నా మొహంలోకి చూడలేదు.

"మేకుకే ఉందా?"

"మేకుకే."

మూడుసార్లు చూశాను నేను. లెక్కపెట్టుకుని చూశాను. కోట్లు కూడా తీశాను. తీశానా? తీసినట్టు నాకు బాగా గుర్తు. కానీ గుర్తు అనే మాట మీద నాకు ఇంక హక్కుందా? కాసేపు మళ్ళీ ఆ తెలుపులో నిలబడ్డట్టయింది, ఎటు చూసినా ఒకటే రంగు. కూతురు అబద్ధమాడదు. నేనూ ఆడను. మరి ఎవరు?

కంపాస్‌ని దీపం వెలుగులో తిప్పాను. అంకెల చక్రం చుట్టూ ఉన్న సన్నటి గాడిలో ఏదో పొడి ఇరుక్కుని ఉంది. గోటితో తీసి నాలుక మీద వేసుకున్నాను. ఓట్స్.

శుక్రవారం కొట్టు నుంచి వచ్చాక బిళ్ళలు తీసుకోవడానికి డబ్బా తెరిచాను. మెడలో కంపాస్ ఉంది. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు గుర్తు లేదు. అక్కడ ఖాళీ.

ఊనా నా ఎదురుగా కూర్చుని కప్పు రెండు చేతులతో పట్టుకుంది. పైన ముల్లు మాట నమ్మి నన్ను నమ్మని పిల్ల, ఇక్కడ డబ్బాలో కళ్ళారా చూసినదాన్ని దాచేసి నన్ను గెలిపించాలని చూస్తోంది. నేను ఊరుకుంటే సరిపోతుంది. పందెం నాదే. కొండ నాదే. ఊరుకుంటే చాలు.

"వచ్చే ఆదివారం వాతావరణం బాగుంటుందంటున్నారు," అన్నాను. "ఎన్నింటికొస్తావు?"

అది తలెత్తింది. "ఒక్కడివే వెళ్తావుగా. గెలిచింది నువ్వు."

"ఎన్నింటికొస్తావని అడిగాను."

"ఏడింటికి," అంది, ఇంకా అర్థం కాక.

"వచ్చేటప్పుడు ఓట్స్ బిళ్ళలు నువ్వే తెచ్చుకో. మా డబ్బాలో కంపాసులు పెట్టుకుంటాం."

ఊనా కప్పు కింద పెట్టింది. చేతులతో మొహం కప్పుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు, అడగలేదు కూడా. నేను లేచి ఫోన్ దగ్గరికి వెళ్ళాను. మర్డోకి క్షమాపణ చెప్పాల్సి ఉంది. నంబరు కోసం రెండుసార్లు గోడ మీది కాగితం చూడాల్సి వచ్చింది.